ఒకరు తగ్గాలి

"లెక్కలు, సైన్సు వైపు ఒకరు తగ్గాలి" అన్నాడు ప్రిన్సిపాల్, సోమవారం టీ విరామంలో. ఆ మాట అంటూ ఆయన ఎవరి మొహమూ చూడలేదు, చేతిలోని బిస్కెట్టును చూసుకున్నాడు. స్టాఫ్ రూమ్‌లో ఉన్న టీచర్లంతా మాత్రం ఒక్కసారి నావైపు చూసి, అంత తొందరగానూ చూపు తిప్పేసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. చూడండి, బాగా చూడండి, ఇంకా పోలేదు కదా అనుకున్నాను.

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో, ఖర్వాస్తాన్‌కి దగ్గర్లో, ఒకప్పుడు భారతీయుల పిల్లల కోసమే కట్టిన ప్రభుత్వ హైస్కూలు అది. తెల్లవాళ్ళ ప్రభుత్వం పోయింది, గేటు అందరికీ తెరిచారు. నల్లవాళ్ళుండే టౌన్‌షిప్పుల నుంచి షేరు టాక్సీల్లో జులూ పిల్లలు వచ్చి చేరారు. దాంతోపాటు టీచర్ల లెక్క కూడా మారింది. మా బళ్ళో ఉండాల్సినదానికంటే టీచర్లు ఎక్కువున్నారు, కొండల్లోని బళ్ళలో చాలినంతమంది లేరు, కాబట్టి ఇక్కడ తగ్గించాలి అని పైనుంచి ఉత్తర్వు. న్యాయమైన మాటే, నేనేం కాదనను. కాకపోతే తగ్గేది నా ఉద్యోగం కావడమే చిక్కు.

పద్ధతి ఇలా ఉండేది. ముందు, కొంత సొమ్ము పుచ్చుకుని ఉద్యోగం పూర్తిగా మానేసేవాళ్ళు ఉన్నారా అని అడుగుతారు. దాన్ని అందరూ ‘ప్యాకేజీ’ అనేవారు. తర్వాత, తమంతట తాము వేరే బడికి బదిలీ మీద వెళ్ళేవాళ్ళు ఉన్నారా అని అడుగుతారు. రెండింటికీ ఎవరూ లేవకపోతే చివర చేరినవాడు పోతాడు. చివర చేరినవాణ్ణి నేను. కాకినాడ నుంచి వచ్చిన కాంట్రాక్టు మాస్టార్ని. నాకు బదిలీ కూడా ఉండదు. కాంట్రాక్టు ఆపేస్తారు, దాంతోపాటే ఈ దేశంలో ఉండే పర్మిట్టూ పోతుంది. శుక్రవారం మధ్యాహ్నం మీటింగులో తేల్చేస్తామన్నారు. అప్పటిదాకా అందరూ మనసు పెట్టి పాఠాలు చెప్పుకోవాలట! ఎలా చెప్తారో ఆయనే వచ్చి చూపించాల్సింది.

ఉద్యోగం పోతే కాకినాడలో ఇంకోటి దొరక్కపోదు. అక్కడ ట్యుటోరియల్ కాలేజీలో నాకు మంచి పేరే ఉండేది. కానీ ఆ పేరు దేనికి? నేను బోర్డు మీద రాసేవాణ్ణి, వాళ్ళు ఎక్కించుకునేవాళ్ళు. తల ఎత్తి ‘ఎందుకు సార్’ అన్నవాడు లేడు, అంటే నేను ఊరుకునేవాణ్ణీ కాదు. ఇక్కడ నా మెట్రిక్ క్లాసులో, అంటే బడిలో ఆఖరి ఏడాది క్లాసులో, వెనక బెంచీలో ఒక జులూ అమ్మాయి కూర్చునేది. పొద్దున చీకట్లోనే లేచి టాక్సీ పట్టుకుని వచ్చేది. ప్రతి సూత్రానికీ ‘వై, సర్?’ అనేది. మొదట్లో చిరాకేసింది. తర్వాత్తర్వాత రేపు ఈ పిల్ల ఏం అడుగుతుందో అని రాత్రి కూర్చుని చదువుకోవడం మొదలెట్టాను. ఈ పని నాకు ఇష్టమని నాకే తెలిసింది ఆ ఏడాదే. సరిగ్గా ఆ ఏడాదే, పరీక్షలు దగ్గరపడుతున్న రోజుల్లో, ‘ఒకరు తగ్గాలి’ అన్నారు.

మా విభాగంలో నా పైన ఉన్నది ఒకావిడ. నేను పలక పట్టకముందు నుంచీ పాఠాలు చెప్తున్న మనిషి. ఆవిడ ముత్తాతలు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి చెరుకు తోటల్లో పనికి వచ్చినవాళ్ళు. పెళ్ళయ్యాక భర్తతోపాటు చర్చిలో చేరి బొట్టు మానేసింది. తెలుగు మాత్రం తిండికీ తిట్టుకీ మిగుల్చుకుంది. మాట్లాడేదంతా ఇంగ్లీషే, మధ్యమధ్యలో వాళ్ళ నాయనమ్మ దగ్గర విన్న ముక్కలు వచ్చి పడేవి. ఆవిడ మాటలని ఇక్కడ చాలావరకు నా తెలుగులో రాస్తున్నాను. నేను మొదట ‘మేడమ్’ అంటే, "మేడమ్ ఏటి? అక్కా అను" అని కసిరింది.

ఆవిడ లేకపోతే మొదటి ఏడాదిలోనే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయేవాణ్ణి. నా యాస విని తొమ్మిదో తరగతి మొత్తం బల్లలు చరిచిన రోజు, నేను చెక్క స్కేలు తీసి ఒకడి మీదికి వెళ్ళాను. కాకినాడ అలవాటు. గుమ్మంలోంచి ఆవిడ గొంతు వినబడింది.

"ఇకోనా, గుంటడా! ఇకోనా!"

ఇకోనా అంటే ఇక్కడి తోటల్లో, గనుల్లో అందరూ వాడే మాట, వద్దు అని. పిల్లల్ని కొట్టడం అప్పుడే చట్టం మానిపించింది. ఆవిడ వచ్చి నా చేతిలో స్కేలు తీసుకుని తన సంచీలో పడేసుకుంది. ఆ తర్వాత చాలా రోజులు తన ఖాళీ పీరియడ్లలో పేపర్లు తెచ్చుకుని నా క్లాసులో వెనక కూర్చుని దిద్దుకునేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. నేను మరీ వేగంగా చెప్పేస్తుంటే మాత్రం పెన్నుతో బల్ల మీద టక్కుమనిపించేది.

అలాంటి మనిషే రోజూ పొద్దున స్టాఫ్ రూమ్‌లోకి వస్తూ సంచీ కుర్చీలో విసిరేసి, "ఈ కూలిపని నా వల్ల కాదు, ప్యాకేజీ ఇస్తే రేపే ఎల్లిపోతా" అనేది. సర్క్యులర్ వస్తే ప్యాకేజీ అనేది, మీటింగు పెడితే ప్యాకేజీ అనేది. అంతకు ముందు టర్ముల్లో ప్యాకేజీ తీసుకున్నవాళ్ళకి వీడ్కోలు టీ ఇచ్చినప్పుడల్లా, సమోసా తుంచుతూ, "తరవాత నేనే" అనేది. అందుకే సోమవారం అందరూ నావైపు చూశాక, కాసేపటికి ఆవిడ వైపు కూడా చూశారు. ఆవిడ కప్పులో చెంచా తిప్పుతూనే ఉంది. పంచదార ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది.

మంగళవారం పీఈటీ మాస్టారు నన్ను కారిడార్లో పట్టుకున్నాడు. యూనియన్ పనులు చూసేది ఆయనే. "నువ్వేం బెంగపడకు, ఆవిడ వెళ్ళిపోతుంది, అందరికీ తెలిసిందే కదా" అని భుజం తట్టాడు. నాకు ఒక్కసారి ఊపిరాడింది. ఆ వెంటనే నామీద నాకే అసహ్యం వేసింది. ఆవిడ పోతేనే నేనుంటాను. ఆవిడ ఉంటే నేను పోతాను. ఆ రోజంతా ఆవిడ ఎదురుపడితే నవ్వలేక, నవ్వకుండా ఉండలేక, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. క్లాసులో మెట్రిక్ పిల్లలు కూడా పసిగట్టేశారు. ‘వై సర్’ పిల్ల ఆ రోజు ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఇంతలో బుధవారం వచ్చింది. ఆవిణ్ణి మా ఇంటికి భోజనానికి పిలిచింది ఈ గొడవలేవీ లేని రోజుల్లో. ఆషర్‌విల్‌లో ఒకరి ఇంటి వెనక రెండు గదుల్లో ఉండేవాళ్ళం. మా ఆవిడ వచ్చి కొన్ని నెలలే అయింది, ఇంగ్లీషు ఇంకా నోరు తిరగదు. ‘మీ అక్కయ్యగారిని’ చూడాలని ఎప్పటినుంచో పోరుతోంది. రద్దు చేద్దామా అనుకున్నాను గానీ, ఏం చెప్పి రద్దు చేస్తాను? ఉద్యోగం సంగతి మా ఆవిడకి అప్పటికి చెప్పనే లేదు.

ఎండు చేపల పులుసు పెట్టింది మా ఆవిడ. మొదటి ముద్దకే అక్క కళ్ళు మూసుకుంది. "మా నాయనమ్మ సేతి పులుసు" అంది. చెంచా పక్కన పెట్టేసి చేత్తో కలుపుకుని తిన్నది. మా ఆవిడ వదినగారూ వదినగారూ అంటూ వడ్డిస్తూనే ఉంది. అక్కకి సగం అర్థమై సగం అర్థం కాక, అన్నిటికీ తల ఊపుతోంది. బడి ఊసు ఎవరం ఎత్తలేదు. ఒక గంటసేపు నాకు శుక్రవారం గుర్తే రాలేదు.

అక్క లేచి కారు తాళాలు తీసింది. అప్పుడు మా ఆవిడ లోపల్నుంచి పళ్ళెం తెచ్చింది. పళ్ళెంలో పచ్చ రంగు రవిక గుడ్డ, రెండు అరటిపళ్ళు, పసుపు, కుంకుమ భరిణె.

చర్చి మనిషి, బొట్టు పెట్టుకోదు అని మా ఆవిడకి నేను చెప్పాను, ఒకసారి కాదు. కానీ ముత్తైదువ ఇంటికొచ్చి భోజనం చేసి వెళ్తుంటే ఉత్త చేతులతో ఎలా పంపుతాం అని మా ఆవిడ పట్టు. మా ఇళ్ళల్లో ఎవరొచ్చినా చేసేదే. నేను కుంకుమ చూసి భయపడ్డాను. అక్క కుంకుమ వైపు చూడనే లేదు. గుడ్డనే చూస్తూ నిలబడింది.

"చిన్నప్పుడు మేము చెరుకు ఎస్టేటు కూలీల లైన్లలో ఉండేవాళ్ళం" అంది నెమ్మదిగా, ఇంగ్లీషులో. "ఎవరైనా ఎస్టేటు వదిలేసి టౌనుకి పోతుంటే మా నాయనమ్మ ఇదే పళ్ళెం పెట్టేది. పసుపు, గుడ్డముక్క, పండు. పోయేవాళ్ళకే పెట్టేది, ఇంకెవరికీ కాదు. అది పుచ్చుకున్నవాళ్ళు మళ్ళీ తిరిగి రాలేదు."

నేను మాట్లాడబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"నన్ను సాగనంపుతున్నావా, గుంటడా? పెళ్ళాం చేత పళ్ళెం పట్టించి?"

"అయ్యో, లేదక్కా! మా వైపు ఎవరొచ్చినా పెడతారు. మళ్ళీ రమ్మనడానికి పెడతారు."

"ఈ వారమేనా మళ్ళీ రమ్మనేది?"

మా ఆవిడ ఏం జరిగిందో తెలియక, పళ్ళెం అలాగే పట్టుకుని, "తీసుకోండి వదినగారూ" అంటోంది. అక్క ఆవిడ బుగ్గ తట్టి, పళ్ళేన్ని మెల్లగా పక్కకి జరిపి, ఏమీ తీసుకోకుండా వెళ్ళిపోయింది. కారు వీధి మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. అప్పుడు చెప్పాను మా ఆవిడకి, ఉద్యోగం సంగతి మొత్తం. ఆవిడ విని, పళ్ళెం బల్ల మీద పెట్టి, "ముందే చెప్పి చావొచ్చుగా!" అని ఏడ్చింది.

గురువారం పొద్దున్నుంచీ అక్క నాతో మాట్లాడలేదు. మా ఇద్దరి కుర్చీలూ పక్కపక్కనే ఉండేవి. ఆవిడ టీ పట్టుకెళ్ళి కిటికీ దగ్గర నిలబడి తాగింది. స్టాఫ్ రూమ్‌లో గుసగుసలు మొదలయ్యాయి. ఆఖరి పీరియడ్ అయ్యాక ఇక తట్టుకోలేక ఆవిడ క్లాసు రూమ్‌లోకి వెళ్ళాను. బోర్డు తుడుస్తోంది.

"అక్కా, నిన్నటిది..."

"గుడ్డ సంగతి వదిలెయ్. నేను పోవాలని నీకుందా లేదా? అది చెప్పు."

లేదు అనేస్తే అయిపోయేది. నోటికి రాలేదు. "ఉంది" అన్నాను. "పోకూడదనీ ఉంది. సోమవారం నుంచీ రెండూ ఉన్నాయి. నిద్ర పట్టడం లేదు."

"హైబో!" అంది, జులూలో ఔరా అన్నట్టు. "ఎంత నిజాయితీ!" అని వెటకారంగా నవ్వింది.

ఆ నవ్వుకి నాకు తిక్క రేగింది. "మరి నన్నేం అనుకోమంటారు? రోజూ పొద్దున మీరే కదా అనేది, ఈ కూలిపని నా వల్ల కాదని! ప్యాకేజీ ప్యాకేజీ అని జపం చేసేది మీరే కదా! ఊరంతా విన్నది. నేనొక్కణ్ణే నమ్మకూడదా?" గట్టిగానే అరిచాను. కారిడార్లో నడిచేవాళ్ళు ఆగి చూసి ఉంటారు.

ఆవిడ డస్టర్‌ని బల్ల మీద కొట్టింది. సుద్దపొడి లేచి ఇద్దరి మొహాల మీదా పడింది.

"ఎర్రిమొకం! అలిసిపోయానంటే చాలించుకున్నానని అర్థమా? నాకు విసుగు ఆ సర్క్యులర్ల మీద. ఆ మీటింగుల మీద. పొద్దున లేచి ఎవరు మిగులుతారు, ఎవరు పోతారు అని చూసుకునే ఈ బతుకు మీద. ఈ తలుపు మూసుకుని చాక్‌పీసు పట్టుకున్నాక ఎప్పుడైనా నేను ప్యాకేజీ అన్నానా? చెప్పు, అన్నానా?"

అనలేదు. నిజమే, ఒక్కనాడూ అనలేదు. ఆవిడ మళ్ళీ బోర్డు తుడవడం మొదలెట్టింది.

"మా ఆయన చర్చి పనులు చూసుకుందాం, ఇంట్లో ఉండమంటున్నాడు. ఇంట్లో కూర్చుంటే నేను బతకను" అంది గోడతో చెప్తున్నట్టు. "ఎల్లు. రేపు చూద్దాం."

అయితే ప్యాకేజీ తీసుకోదన్నమాట. ఇంటికెళ్ళి మా ఆవిడతో, పెట్టెలు దింపుకోవాలేమో అన్నాను. బల్ల మీద ఆ పళ్ళెం ఇంకా అలాగే ఉంది. అరటిపళ్ళ తొక్కలు నల్లబడుతున్నాయి.

శుక్రవారం ఆఖరి పీరియడ్ నాకు మెట్రిక్ క్లాసే. ఇది వీళ్ళతో చివరి పాఠమేమో అనుకుంటూ సర్క్యూట్లు చెప్పాను. ‘వై సర్’ పిల్ల రెండు ప్రశ్నలు వేసింది. రెండోదానికి నాకు జవాబు తెలియదు. "సోమవారం చెప్తా" అన్నాను అలవాటుగా. సోమవారం నేనుంటానో లేదో ఎవరికి తెలుసు.

మీటింగులో కుర్చీలు గోడల వెంట వేశారు. ప్రిన్సిపాల్ ముందు ఉపాధ్యాయుల ఉత్సాహం గురించి, పనిలో తృప్తి గురించి కాసేపు మాట్లాడాడు. ఎవరూ తల ఎత్తలేదు. తర్వాత గొంతు సవరించుకుని అడిగాడు.

"లెక్కలు, సైన్సు నుంచి ప్యాకేజీకి ఎవరైనా?"

గది మొత్తం అక్క వైపు తిరిగింది. ఆవిడ కార్డిగన్ బొత్తాలు పెట్టుకుంటోంది.

"నేను తీసుకోవడం లేదు" అంది.

ఎవరో చిన్నగా ఈల వేసినట్టు ఊపిరి వదిలారు. పీఈటీ మాస్టారు నావైపు జాలిగా చూశాడు. ఆవిడ మీద కోపం రాలేదు, అదే వింత. పాపం మా ఆవిడ అనుకున్నాను.

"బదిలీకి ఎవరైనా?" అన్నాడు ప్రిన్సిపాల్, జవాబు రాదని తెలిసిన గొంతుతో. ఆ ప్రశ్నకి మా బళ్ళో అంతవరకూ ఎవరూ చెయ్యెత్తలేదు. బదిలీ అంటే ఉమ్‌కోమాస్ ఊరు దాటి, చెరుకు తోటల మధ్య మట్టిరోడ్డున కొండెక్కి వెళ్ళే బడి. ఒక్కో గదిలో రెండు గదుల పిల్లలు, ల్యాబ్ లేదు, కొన్నిచోట్ల కిటికీ అద్దాలూ లేవు. అక్కడికి పంపుతారన్న భయంతోనే చాలామంది ప్యాకేజీ తీసుకున్నారు.

"నేను" అంది అక్క.

ప్రిన్సిపాల్ వినలేదేమో అన్నట్టు చూశాడు. ఆవిడ చెయ్యి పైకెత్తింది, క్లాసులో పిల్లలు ఎత్తినట్టు, మోచెయ్యి తిన్నగా పెట్టి.

"మీకేమైనా పిచ్చా?" పీఈటీ మాస్టారు లేచి నిలబడిపోయాడు. "ఈ వయసులో ఆ కొండలెక్కుతారా? సొమ్ము తీసుకుని హాయిగా ఇంట్లో ఉండండి!"

"సొమ్ము తీసుకుంటే చాక్‌పీసు ఇచ్చెయ్యాలి" అంది ఆవిడ. "ఇవ్వను."

తర్వాత నావైపు తిరిగింది. గదిలో అందరూ వింటుండగా, బుధవారం తర్వాత మొదటిసారి నన్ను పాత పిలుపుతో పిలిచింది.

"ఏయ్ గుంటడా. నీకోసం అనుకుంటున్నావేమో. అంత సీన్ లేదు నీకు. ఇక్కడ నేను చెప్పేది నువ్వు కూడా చెప్పగలవు. అక్కడ చెప్పేవాళ్ళు లేరు. అంతే."

అంతే అని నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఉద్యోగం నిలబడిందన్న సంతోషం కలిగిందా అంటే, కలగలేదు. అందరూ వచ్చి చెయ్యి కలిపి వెళ్తుంటే, ఎవరో పోయిన ఇంట్లో కూర్చున్నట్టుంది.

ఆ సాయంత్రం మా ఇంటి ముందు కారు ఆగింది. అక్క లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఆ పళ్ళెం ఉందా, పారేశారా?"

మా ఆవిడ లోపలికి పరిగెత్తింది. భరిణె తీసేసింది, పసుపు తుడిచేసింది, కొత్త పండు పెట్టింది. పచ్చ గుడ్డ ఒక్కటీ అలాగే ఉంచి తెచ్చింది.

"ఇప్పుడు ఎల్తున్నా కదా" అంది అక్క. "ఇప్పుడు పెట్టు."

పుచ్చుకోవడానికి ఆవిడ చెయ్యి భుజం మీదికి వెళ్ళింది, కొంగు కోసం. ఆవిడ ఎప్పుడూ వేసుకునేది గౌనే, కొంగెక్కడిది? చెయ్యి ఒక క్షణం అక్కడే తడుముకుంది. ఎన్నడూ కట్టని చీర కొంగు అది, చిన్నప్పుడు నాయనమ్మ పళ్ళెం పెడుతుంటే పుచ్చుకునేవాళ్ళు కొంగు పట్టడం చూసిందే తప్ప తను పట్టింది కాదు. తర్వాత కార్డిగన్ అంచుని రెండు చేతులతో పట్టి ముందుకి చాపింది. మా ఆవిడ అందులో గుడ్డ, పండు పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"మళ్ళీ రండి వదినగారూ" అంది మా ఆవిడ.

"వత్తాను" అంది అక్క తెలుగులోనే. కార్డిగన్ అంచు అలాగే పట్టుకుని కారు దాకా నడిచి, తలుపు తీసి, నావైపు తిరిగింది.

"నా పదో తరగతి గుంటలకి గ్రాఫులు ఇంకా రావు. సోమవారం నేను అక్కడుంటా, వాళ్ళని నువ్వే తీసుకో. మెల్లగా చెప్పు, టక్కుమనిపించడానికి వెనకాల నేనుండను."